పుదీనా వాసన

ఈ నెల గోడపత్రికకు 'తిండీ, తాగుడూ' అని అంశం ఇచ్చారు. తాగుడు అనగానే క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వి, "పానీయాలు అని రాసుకోండమ్మా" అన్నారు. ఉగ్గాని, జొన్నరొట్టె, ఉలవచారు, పుదీనా ఊరిబిండి అన్నీ మొదటి బెంచీవాళ్ళే పంచేసుకున్నారు. నేను మాత్రం తాగుడు గురించే రాస్తానని పేరిచ్చాను. రెండు చార్టులు కావాలని అడిగితే మన సంపాదకురాలు నన్ను ఒక చూపు చూసింది. ఆ రెండో చార్టు ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది సంగనకల్లు. బళ్ళారికి ఎనిమిది కిలోమీటర్ల లోపే. ఊరి పక్క గుట్టల మీద వేల ఏళ్ళ కిందటి మనుషులు రాతిగొడ్డళ్ళు చేసుకున్నారని, తవ్వకాల్లో మాడిన ఉలవలు, పెసలు దొరికాయని చదువుకున్నవాళ్ళు వచ్చి చెప్తారు. పక్కనే కప్పగల్లు వైపు కొడితే గంటలా మోగే బండలున్నాయి. మాకు మాత్రం అవి చిన్నప్పుడు మేకల వెంట పోయి కూర్చున్న బండలే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, మేము ఇటు ఉండిపోయాం. అందుకే మా ఊళ్ళో బోర్డు కన్నడంలో ఉంటుంది, తిట్టు తెలుగులో ఉంటుంది. ఎండ మాత్రం రెండు పక్కలకూ ఒకటే. ఏప్రిల్ వచ్చిందంటే నలభై డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం కుక్క కూడా వీధిలో కనపడదు.

అట్లాంటి ఒక ఏప్రిల్‌లో, పోయిన సెలవుల్లో, హైస్కూలు స్నేహితురాళ్ళు నలుగురం బళ్ళారిలో కలిశాం. ఒకామె పుట్టినరోజు. ఏసీ ఉందని ఒక కేఫ్‌లోకి దూరాం. గోడ మీద నల్లబోర్డు, దాని మీద రంగు సుద్దముక్కలతో 'వర్జిన్ మోజిటో' అని రాసి, పక్కన ఒక ఆకుపచ్చ గ్లాసు బొమ్మ. వెల 129 రూపాయలు. బెంగళూరులో చదివే అమ్మాయి "అది మోజిటో కాదే, మొహీతో. స్పానిష్‌లో జ ని హ అంటారు" అని సరిదిద్దింది. సరే, మోహమో మోజో, నలుగురం నాలుగు చెప్పాం. బాగుండింది. అబద్ధం ఎందుకు, చాలా బాగుండింది. మొదటి గుక్కకే ముక్కులోంచి నెత్తి దాకా చల్లగాలి వీచినట్టయింది. కానీ నాకు నచ్చింది ఆ చల్లదనం ఒక్కటే కాదు. అది మా తాత వాసన.

తాత పోయేసరికి నాకు నాలుగేళ్ళు. మొహం సరిగ్గా గుర్తులేదు, ఫోటోలో చూసిందే. గుర్తున్నది ఆయన ఎత్తుకున్నప్పటి పుదీనా వాసన. పెరట్లో బోరింగు దగ్గర నీళ్ళు పారేచోట పుదీనా మడి ఉండేది. సాయంత్రం తాత అటునుంచి ఇంట్లోకి వచ్చేవాడు, నోట్లో ఆకు నములుతూ. నన్ను ఎత్తుకుని చెంపకు చెంప ఆనించేవాడు. పుదీనా వాసన వస్తే ఇప్పటికీ నాకు ఎవరో ఎత్తుకున్నట్టే ఉంటుంది. ఆ కేఫ్‌లో గ్లాసు అడుగున మిగిలిన ఆకులు కూడా ఏరుకుని నమిలేశాను. స్నేహితురాళ్ళు మేక అన్నారు.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వంగి పక్కన కూర్చున్నాను. అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"యాడికి పోయింటివి మే?"

"బళ్ళారికవ్వా. చెప్పే పోయినా కదా."

"నోరు తెర్సు."

నవ్వులాటకేమో అనుకుని తెరిచాను. అవ్వ దగ్గరికొచ్చి వాసన చూసింది. ఆమె మొహం చూశాక నవ్వడం నావల్ల కాలేదు. "ఏం తాగొచ్చినావు?" అంది. గొంతు పైకి లేవలేదు, అరవలేదు. చింతపండు చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. అమ్మ జీన్సు ప్యాంట్ల కుట్టుపని ముగించుకుని వచ్చాక, వంటింట్లో ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకోవడం వినపడింది. నేను తాగొచ్చానని అవ్వ అనుకుంటోందని అప్పుడర్థమైంది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. పుదీనా వాసనకూ తాగుడుకూ ఏం సంబంధం?

సంబంధం ఏమిటో మరుసటిరోజు అమ్మ చెప్పింది. తాత పత్తి మిల్లులో హమాలీ. బేళ్ళు మోసి మోసి సాయంత్రానికి నడుం వంగదు, నిటారుగా నిలవదు. మిల్లు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే ప్యాకెట్ సారాయి దుకాణం. చిన్న ప్లాస్టిక్ సంచి, పంటితో కొరికి పిండుకోవడమే. తాగినట్టు ఇంట్లో తెలియకూడదని పెరటి దారిన వచ్చి, బోరింగు దగ్గర నోరు కడుక్కుని, గుప్పెడు పుదీనా నమిలి లోపలికి వచ్చేవాడు. అవ్వ మొదట్లో నమ్మిందట. తర్వాత నమ్మినట్టు ఉండిందట. ఆ మడికి నీళ్ళు పోసింది కూడా అవ్వే. కర్ణాటకలో 2007 జులై 1 నుంచి సారాయి నిషేధించారు. అవ్వ ఆ రోజు గుడిలో టెంకాయ కొట్టింది. తాత సారాయి మానేశాడు, నిజమే. బ్రాందీ షాపులో క్వార్టర్‌కు మారాడు. ఖర్చు పెరిగింది, అంతే. రెండేళ్ళకు కామెర్లు వచ్చాయి, కడుపు నీళ్ళతో ఉబ్బింది, లివర్ పాడైపోయిందన్నారు. పెద్దకర్మ అయిన మరునాడు అవ్వ గడ్డపార తెచ్చి పుదీనా మడిని వేళ్ళతో సహా పెకిలించి, ఎండలో పరిచి, ఎండాక కాల్చేసిందట. నాకు మా ఇంట్లో పుదీనా ఎందుకు కొనరో ఇరవై ఏళ్ళొచ్చేదాకా తెలియదు. చట్నీకి కొత్తిమీరే వాడతాం. అవ్వకు పుదీనా పడదు అనుకునేదాన్ని. పడదు, అదీ నిజమే.

నాకు ముద్దు పెట్టిన వాసన, ఆమెకు పదేళ్ళ అబద్ధం వాసన. ఒకే ఆకు.

ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తే ఇది ఒక్క చార్టులో సరిపోయేది. కానీ నా బుర్ర ఊరుకోదు. హాస్టల్‌కి వచ్చాక హోమ్ సైన్సు చదివే నా రూమ్మేట్‌ని పట్టుకున్నాను. ఆమె పుస్తకాలు, నా లెక్కలు, ఇద్దరం కలిసి ఆ గ్లాసును విప్పి చూశాం. మొదట ఆ పానీయం పుట్టిన ఊరి సంగతి.

అసలు మొహీతో క్యూబా దేశపు కాక్‌టెయిల్. తెల్ల రమ్ము, నిమ్మరసం, చక్కెర, పుదీనా, సోడా, ఇంతే. దాని పుట్టుక గురించి ఒక కథ చెప్తారు. 1586 ప్రాంతంలో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లీషు ఓడనాయకుడి మనుషులు జబ్బుపడితే చెరకు సారా, నిమ్మ, చక్కెర, పుదీనా కలిపి మందుగా ఇచ్చారని, దానికి ఆయన పేరే పెట్టారని. కథలో నిజమెంతో గానీ ఒక మాట మాత్రం నమ్మేలా ఉంది. ఆ కాలపు చెరకు సారా గొంతు మండించేది, కంపు కొట్టేది. ఆ మంటను, కంపును కప్పడానికే నిమ్మ, చక్కెర, పుదీనా. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. సముద్రాల అవతల గ్లాసులో చేసిన పనే మా తాత బోరింగు దగ్గర నోట్లో చేశాడు. మన సారాయి కూడా ఎక్కువగా చెరకు మడ్డి నుంచి తీసిందే, రమ్ముకు దాయాదే. తాత చక్కెర, సోడా వేసుకోలేదు, అంతే తేడా.

తెలుగు డిపార్ట్‌మెంటు పత్రిక కదా, ఒక మాట: పుదీనా అన్న పేరు పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. షర్బత్ అరబ్బీ. నిమ్మ ఒక్కటీ మనకు పాతచుట్టం. కాబట్టి 'మన పుదీనా షర్బత్‌ను వాళ్ళు కాపీ కొట్టారు' అని వాట్సాప్‌లో వచ్చేదాన్ని దయచేసి నాకు పంపకండి.

ఇప్పుడు లెక్కలు. బార్లలో ఒప్పుకున్న కొలత ప్రకారం ఒక గ్లాసు మొహీతోకు రమ్ము 45 మిల్లీలీటర్లు, నిమ్మరసం 20, చక్కెర రెండు చెంచాలు, పుదీనా ఆరు రెమ్మలు. రమ్ములో 40 శాతం ఆల్కహాల్ అంటే 18 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 14 గ్రాములు. గ్రాముకు ఏడు క్యాలరీల చొప్పున దాదాపు వంద. చక్కెరవి ఇంకో ముప్ఫై అయిదు, నలభై. మొత్తం నూట నలభై పైన. నలభై గ్రాముల జొన్నపిండితో చేసిన ఒక రొట్టె కూడా దాదాపు అంతే ఇస్తుంది. కానీ రొట్టెలో నాలుగు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది. గ్లాసులో క్యాలరీలు తప్ప ఒంటికి పట్టేది ఏమీ లేదు.

"అయినా నువ్వు తాగింది రమ్ము లేనిది కదే" అంది రూమ్మేట్. నేనూ అదే ధైర్యంలో ఉన్నాను. అప్పుడు ఆ కేఫ్ కౌంటర్‌లో అబ్బాయి ఏం పోశాడో గుర్తు చేసుకున్నాను. నాలుగు ఆకులు చిదిమాడు. ఒక సీసాలోంచి పచ్చటి సిరప్ ముప్ఫై మిల్లీలీటర్ల కొలతతో పోశాడు. పైన సోడా కాదు, నిమ్మరుచి కూల్‌డ్రింకు. తీపి కూల్‌డ్రింకుల్లో వంద మిల్లీలీటర్లకు సుమారు పది గ్రాముల చక్కెర, సీసా వెనక అచ్చు వేసే ఉంటుంది. రెండు వందలు పోశాడనుకుంటే ఇరవై గ్రాములు. సిరప్ అంటేనే సగానికి సగం చక్కెర, అక్కడ ఇంకో పదిహేను. ముప్ఫై అయిదు గ్రాములు, అంటే దగ్గర దగ్గర తొమ్మిది చెంచాలు! క్యాలరీలు లెక్కేస్తే మళ్ళీ అదే నూట నలభై. రమ్ము తీసేసినా అంకె కదల్లేదు. మనలాంటివాళ్ళం రోజుకు ఇట్లా విడిగా కలుపుకునే చక్కెర ఇరవై అయిదు గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నేను ఒక్క గ్లాసులో దాన్ని దాటేశాను. వర్జిన్ అన్నందుకు పాపం ఆ పేరు సిగ్గుపడాలి.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మన కాలేజీలో రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడు నా హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్ళకు 12 ఉండాలి. నేనొక్కదాన్నే కాదు, ఆ రోజు వరుసలో నిలబడినవాళ్ళలో ఎంతమంది చీటీలు మడిచి పర్సులో దాచుకున్నారో నేను చూశాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిది ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, కర్ణాటకలో 47.8 శాతం. అంటే సరిహద్దు ఏ పక్కన నిలబడినా ఇద్దరిలో ఒకరు. ఐరన్ మాత్రలు ఇచ్చారు. కడుపులో తిప్పుతోందని నేను వాటిని టీతో మింగేదాన్ని. ఆ రోజు కేఫ్‌లో స్నేహితురాలు "పుదీనాలో ఐరన్ ఉంటుందే, తాగు, నీకు మంచిది" అంది. నేను దాన్ని కూడా మనసులో లెక్క వేసుకుని తాగాను.

ఆకుకూరగా చూస్తే పుదీనాలో ఇనుము ఉన్నమాట నిజమే. వంద గ్రాములకు లెక్క చెప్తారు. గ్లాసులో వేసేది నాలుగు ఆకులు, తూచితే గ్రాము ఉంటుందో లేదో. మనకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు చెప్తున్నారు. నాలుగు ఆకులతో అది నిండాలంటే కుంభవృష్టి కావాలన్న చెరువులో చెంబు నీళ్ళు పోసినట్టే. పుదీనాను ఊరిబిండిగా నూరి గుప్పెడు తింటే అదొక లెక్క. గ్లాసులో అలంకారానికి వేస్తే ఇంకొక లెక్క.

ఆ గ్లాసులో ఒంటికి నిజంగా పనికొచ్చేది నిమ్మకాయ. ఒక కాయ రసంలో తొమ్మిది, పది మిల్లీగ్రాముల సి విటమిన్ దొరుకుతుంది. మనకు రోజుకు కావాల్సిన 65లో అది కొంచెమే. కానీ పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుమును ఒళ్ళు పట్టుకోవడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. టీ, కాఫీ దానికి అడ్డం పడతాయి. అంటే నేను మాత్రను టీతో మింగి, నిమ్మకాయను చక్కెర నీళ్ళలో ముంచి తాగుతున్నాను. రెండూ తలకిందులు. ఇప్పుడు మాత్ర నిమ్మనీళ్ళతో వేసుకుంటున్నాను, టీ గంటన్నర జరిపాను. మెస్సులో పప్పు మీద నిమ్మచెక్క పిండుకుంటే వడ్డించే అక్క "ఏంటమ్మా, బిర్యానీ అనుకుంటున్నావా" అంటుంది. అననీ.

మరి ఆ చల్లదనం? అదొక్కటీ నిజం కావాలని నాకు ఆశగా ఉండింది. అదీ సగమే నిజం. చర్మంలో, నోట్లో చలిని పసిగట్టే కణాలుంటాయి. మెంథాల్ అనే పదార్థం పోయి వాటి తలుపు తడితే, చలి తగలకపోయినా తగిలినట్టు అవి మెదడుకు కబురు పంపుతాయి. ఆ తలుపు ఏదో 2002లో కనిపెట్టారు. వేడిని, స్పర్శను ఒళ్ళు ఎట్లా కనిపెడుతుందో తేల్చినందుకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇద్దరికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇద్దరూ ఈ చలి తలుపును వెతికినవాళ్ళే, ఇద్దరూ మెంథాల్‌నే వాడారు. అంటే పుదీనా ఒంటి వేడిని ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు, తగ్గిందని చెప్తుంది. ఇంకో తిరకాసు, మనం వంటలో వాడే పుదీనాలో మెంథాల్ తక్కువ. దాని వాసన కార్వోన్ అనే పదార్థానిది. మెంథాల్ ఎక్కువగా ఉండేది దాని అక్కచెల్లెళ్ళలో, మందులకూ పిప్పరమెంట్లకూ వేరే పండించేవాటిలో. అద్దంలో కుడి ఎడమైనట్టు ఆ కార్వోనే తిరగబడితే మా పక్క సబ్బసిగె గింజల వాసన అవుతుందట. ఒకే అక్షరాలు, అద్దంలో వేరే మాట. ఇది విన్నప్పటి నుంచి సంతలో సబ్బసిగె కట్ట చూస్తే నాకు నవ్వొస్తోంది.

కాబట్టి ఆ రోజు నన్ను చల్లబరిచింది ఐసుముక్కలు, ఏసీ. పుదీనా సాక్ష్యం చెప్పింది.

రమ్ము వేసిన మొహీతో అయితే ఎండలో ఇంకా మోసం. ఒంట్లో నీళ్ళు నిలబెట్టే హార్మోన్ ఒకటి ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని అణిచేస్తుంది. తాగిన నీళ్ళు మూత్రంగా పోతాయి. నాలుకకు చల్లగా ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఎండుతుంది. ఆడవాళ్ళ ఒంట్లో నీటిపాలు తక్కువ కాబట్టి అంతే గ్లాసు మనకు ఎక్కువగా ఎక్కుతుంది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకం, అందులో రొమ్ము క్యాన్సర్ ఉంది. ఇంత తాగితే ఫరవాలేదు అని చెప్పగల కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. పుదీనా, నిమ్మ వేసినంత మాత్రాన ఆ మాట మారదు. ఇది నేను ఎవరికీ నీతిగా చెప్పడం లేదు. బెంగళూరులో ఉద్యోగాలకు పోతాం, పార్టీలుంటాయి, 'ఇది హెల్తీ, పుదీనా కదా' అని ఎవరో ఒకరు గ్లాసు చేతికిస్తారు. మన క్లాసులో ఒకరికి ఇప్పటికే అట్లా ఇచ్చారు. పేరు చెప్పను.

ఈ లెక్కలన్నింటిలో నన్ను ఎక్కువ కుదిపింది వేరే ఒకటి. పుదీనా నమిలితే తాగిన వాసన నిజంగా పోతుందా అని వెతికాను. పోదు. నోట్లో మిగిలిన చుక్కల వాసన కాసేపు మాటుపడుతుంది. కడుపులోకి పోయిన ఆల్కహాల్ నెత్తురులో కలిసి, ఊపిరితిత్తుల్లోకి వచ్చి, ప్రతి శ్వాసతోనూ బయటికి వస్తూనే ఉంటుంది. పోలీసులు ఊదమనేది అందుకే. మెంథాల్ బిళ్ళలు ఎన్ని నమిలినా ఆ యంత్రానికి అంతు దొరుకుతుంది. అంటే తాత నన్ను ఎత్తుకున్నప్పుడల్లా నేను పీల్చింది పుదీనా ఒక్కటే కాదు. రెండూ కలిసిన వాసన. నాకు ముద్దుగా గుర్తున్నది ఆ రెండూ కలిసిన వాసనే కావచ్చు, నేను పుదీనా అని పేరు పెట్టుకున్నాను. అవ్వకు అది మొదటినుంచీ తెలుసు. పక్కన పడుకున్న మనిషి ఊపిరి ఆమెకు తెలియకుండా ఉంటుందా?

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇవన్నీ చెప్పాలని పోయాను. ఏప్రిల్‌లో నేను తాగింది మందు కాదని అవ్వ నమ్మిందో లేదో నాకు తెలియదు. ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బళ్ళారిలో దిగి ఒక కట్ట పుదీనా, నాలుగు నిమ్మకాయలు, రెండు సోడాలు కొన్నాను. సంచిలో పెట్టినా వాసన ఆగదు. గుమ్మంలోనే అవ్వ తలెత్తింది. అమ్మ "ఎందుకే అది" అన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

నేను అవ్వ ముందరే కూర్చుని చేశాను, దాచేది ఏమీ లేనట్టు. ఆకులు చిదిమి, నిమ్మకాయ పిండి, అమ్మకూ నాకూ ఒక్కో చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు వేసి సోడా పోశాను. అవ్వకు షుగరుంది, చక్కెర వేయలేదు. బీపీ కూడా ఉంది, ఉప్పు గోరంత. "ఆ పొద్దు నేను తాగింది ఇదే అవ్వా. పేరు మొహీతో. అసలుదాంట్లో రమ్ము పోస్తారు, దీంట్లో లేదు."

అవ్వ గ్లాసు తీసుకోలేదు. "రమ్ము లేకపోతే మల్ల దాని పేరెందుకు దీనికి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కేఫ్‌వాళ్ళ దగ్గర కూడా ఉండదనుకుంటా, 129 రూపాయలు తప్ప.

"ఆంధ్రాలో మందు ఆపినప్పుడు ఆ పక్కోళ్ళు ఈ పక్కకొచ్చి తాగిపొయ్యేవాళ్ళు" అంది అవ్వ, ఉన్నట్టుండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన సంగతి, 1995 జనవరిలో పూర్తి నిషేధం పెట్టి 1997లో ఎత్తేసిన సంగతి మనం పాఠంలో చదువుకున్నాం. అవ్వ ఆ పాఠాన్ని ఇవతలి గట్టు నుంచి చూసింది. "మా చెల్లెలు ఆదోని నుంచి వచ్చి, మా ఊర్లో ఆపేసినారక్కా, మాయాయన బాగుపడినాడు అని చెప్పింది. నేను దానికి సంతోషపడల్యా. ఏడ్సినా. గీత ఆ పక్కన పడింటే నా మొగుడూ బతికేవాడని." కొంచెం ఆగి, "ఆ మొగుడు మూడు నెల్లకు రైలెక్కి ఈడికే వచ్చె తాగనీకి. అప్పుడు నవ్వినా" అంది. నిజంగానే నవ్వింది.

అప్పుడు అడిగాను, తాత తాగొచ్చినట్టు తెలిసీ ఆ మడికి నీళ్ళెందుకు పోశావని. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. "నమిలి వచ్చినంత కాలం నేనంటే బయముండె. నమలకుండ వచ్చే రోజు వస్తే ఇంక యాల పొయ్యి ఎవురికి చెప్పేది?" అంది.

సోడా గ్లాసులో బుడగలు అయిపోయాయి. అవ్వ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది. "ఉప్పు చాల్లేదు" అంది. బీపీ అన్నాను. "నీ మొగం" అంది. ఆకులు మాత్రం వేలితో తీసి అరుగు అంచున పెట్టి మిగతాది తాగేసింది.

మిగిలిన కట్టతో అమ్మ మరుసటిరోజు ఊరిబిండి నూరింది, పచ్చిమిరపకాయలు, చెనిక్కాయ విత్తనాలు వేసి. పదిహేనేళ్ళకు పైగా మా ఇంట్లో నూరని ఊరిబిండి. జొన్నరొట్టెతో నేను మూడు పెట్టించుకున్నాను. అవ్వ రుచి చూడలేదు గానీ గిన్నె మీద మూత పెట్టమని కూడా అనలేదు. నాకు ధైర్యమొచ్చి, కాడలు నీళ్ళలో పెడితే వారంలో వేళ్ళొస్తాయి, బోరింగు దగ్గర నాలుగు గుచ్చుతానన్నాను.

"కావాల్సినప్పుడు పది రూపాయలు పెట్టి కొనుక్కో. పెరట్లో వద్దు" అంది అవ్వ.

కాడలు ఇప్పుడు మన హాస్టల్ కిటికీలో, మూత పగిలిన ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. రెండు వేళ్ళు తొడిగాయి. కావాల్సినవాళ్ళు వచ్చి తుంచుకోండి, ఊరిబిండికైనా సరే, నిమ్మసోడాకైనా సరే. సిరప్ మాత్రం నా గదిలోకి తేకండి.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం, సంగనకల్లు అమ్మాయి